నూరో కౌంటు నూలు, ఏడో డ్రాఫ్టు: నా ఎస్‌ఓపీ డైరీ

జులై 6, 2025, ఆదివారం

ఈ రోజు నుంచి ఈ డైరీ రాస్తాను. పని ఒక్కటే. అమెరికాలో పీహెచ్‌డీకి దరఖాస్తు చేయాలంటే స్టేట్‌మెంట్ ఆఫ్ పర్పస్ అనే వ్యాసం పెట్టాలి. అందరూ ఎస్‌ఓపీ అంటారు. దాన్ని డిసెంబరు లోపు రాసి పంపాలి.

మాది శ్రీకాకుళం జిల్లా పొందూరు, ఖద్దరుకు పేరున్న ఊరు. నాన్నది గుంట మగ్గం. అమ్మ కండెలు చుడుతుంది. మా ఇంట్లోనే ఉండే అమ్మమ్మ నూలు వడుకుతుంది. నేను బీటెక్ మెకానికల్ చేసి, గుంటూరు వైపు ఒక స్పిన్నింగ్ మిల్లు క్వాలిటీ ల్యాబులో రెండేళ్లు పనిచేసి, మే నెలలో ఇంటికి వచ్చేశాను.

బీటెక్ నాలుగేళ్ల డిగ్రీ కాబట్టి అక్కడ చాలా విభాగాల్లో మాస్టర్స్ లేకుండానే నేరుగా పీహెచ్‌డీకి దరఖాస్తు చేసుకోవచ్చు. ఎంఎస్ అయితే ఎక్కువగా సొంత డబ్బుతోనే చదవాలి. పీహెచ్‌డీకి సీటు వస్తే రిసెర్చి అసిస్టెంటుగా పెట్టుకుని ఫీజు కట్టి, నెలనెలా కొంత ఇస్తారు. మా ఇంటి మీద ఇంకో అప్పు పెట్టే ఉద్దేశం నాకు లేదు. అందుకే పీహెచ్‌డీ. రెండు చోట్లు ఖాయం చేసుకున్నాను: నార్త్ కరోలైనా స్టేట్ యూనివర్సిటీలోని విల్సన్ కాలేజ్ ఆఫ్ టెక్స్‌టైల్స్, కార్నెల్ యూనివర్సిటీలో ఫైబర్ సైన్స్ (పీచు, పోగుల శాస్త్రం). మూడోది ఇంకా చూస్తున్నాను. ఒక్కో దరఖాస్తు ఫీజు వేల రూపాయల్లో ఉంది. మూడు దాటితే నా వల్ల కాదు.

ఇంటర్ తర్వాత ఎంసెట్ ర్యాంకు అడిగారు. మిల్లులో చేరేటప్పుడు మార్కుల మెమోలు అడిగారు. ఇక్కడే ఎంటెక్ చదవాలంటే గేట్ స్కోరు అడుగుతారు. ఇది నీకు ఎందుకు కావాలో కాగితం మీద రాయమని ఇంతవరకు నన్ను ఎవరూ అడగలేదు. మొదటి రోజు రెండు గంటలు కూర్చున్నా ఒక్క వాక్యం రాలేదు.

జులై 19, శనివారం

విశాఖపట్నంలో ఒక కన్సల్టెన్సీకి వెళ్లాను. ఎస్‌ఓపీ కూడా వాళ్లే రాసిస్తారట. నమూనా చూపించమంటే రెండు పేజీల ఫైలు తెరిచారు. 'సిన్స్ మై చైల్డ్‌హుడ్' అని మొదలైంది. చిన్నప్పుడు బొమ్మలు విప్పి చూసిన పిల్లవాడు, యంత్రాల మీద మక్కువ, చివరి పేరాలో యూనివర్సిటీ పేరు మార్చుకోవడానికి ఖాళీ. నేను టెక్స్‌టైల్స్‌కి వెళ్తున్నానని చెప్పాను. ఫరవాలేదమ్మా, అదే సరిపోతుంది, బొమ్మల చోట బట్టలు పెడతాం అన్నారు.

డబ్బు కట్టకుండా వచ్చేశాను. చాలా చోట్ల ఈ వ్యాసాలను కాపీ పట్టే సాఫ్ట్‌వేర్‌లో వేసి చూస్తారు, పట్టుబడితే దరఖాస్తు అక్కడితో అయిపోతుంది. కానీ వచ్చేయడానికి అసలు కారణం అది కాదు. తిరుగు ప్యాసింజరులో పొందూరు వచ్చేదాకా ఒకటే ఆలోచన. ఆ రెండు పేజీల్లో నా పేరు పెట్టినా, మా పక్కింటి వాళ్ల అబ్బాయి పేరు పెట్టినా తేడా ఏమీ ఉండదు. ఐదేళ్లు ఒక విద్యార్థికి జీతమిచ్చి పని నేర్పాల్సిన ప్రొఫెసర్‌కి ఆ కాగితం దేనికి పనికొస్తుంది?

ఆగస్టు 3, ఆదివారం

మొదటి డ్రాఫ్టు పూర్తయింది. 1,140 పదాలు.

గాంధీగారితో మొదలుపెట్టాను. మా ఊరి గురించి ఎవరు రాసినా అలాగే మొదలుపెడతారు. ఆయన మా ఖద్దరును మెచ్చుకున్నారనీ, చూసి రమ్మని కొడుకు దేవదాస్‌ను పంపారనీ చిన్నప్పటి నుంచి వింటూనే ఉన్నాను. ఆ తర్వాత ఖాదీ సంఘం, స్వాతంత్ర్యం, నాన్న మగ్గం. నేను వచ్చేసరికి ఒకటో పేజీ అయిపోయింది. చివర్లో 'అంతరించిపోతున్న ఈ కళను కాపాడతాను' అని రాశాను.

సాయంత్రం గట్టిగా చదువుకున్నాను. గాంధీగారు దరఖాస్తు చేయడం లేదు కదా, నేను చేస్తున్నాను. కళను కాపాడతాననడం అయితే ఇంకా పెద్ద మాట. కూలి చాలక వడకడం మానేసిన వాళ్లు మా వీధిలోనే ఉన్నారు. ఫైబర్ సైన్స్‌లో పీహెచ్‌డీ చేస్తే వాళ్ల కూలి పెరుగుతుందా? ఎలా పెరుగుతుందో నాకు తెలియదు. తెలియని మాట సంతకం పెట్టి ఎలా పంపిస్తాను? రెండూ కొట్టేశాను. మిగిలింది నాలుగు వందల పదాలు, అవీ నా బయోడేటాలో ఉన్నవే.

ఆగస్టు 17, ఆదివారం

ఈ వారం ఒక్క అక్షరం రాయలేదు. కానీ ఈ ప్రాజెక్టులో ఇప్పటిదాకా ముఖ్యమైన రోజు ఇదే.

పొద్దున అమ్మమ్మ దగ్గర కూర్చున్నాను. నన్ను చూసి, "ఏటే గుంటా, అన్ని దినాల్నుంచి ఏటి రాస్తన్నావు?" అంది. నా చదువు గురించి రాయాలి అమ్మమ్మా, ఏం తెలుసుకోవాలని వెళ్తున్నానో చెప్పాలి అన్నాను. "మరి ఏటి తెలుసుకోవాలి నీకు?" అని, జవాబు కోసం ఆగకుండా పనిలో పడింది.

నేనూ చూస్తూ కూర్చున్నాను. పుట్టినప్పటి నుంచి చూస్తున్న పనే. వాలుగ చేప దవడ ఎముక తీసుకుంది. దానికి సన్నటి పళ్లు వరసగా ఉంటాయి. గింజతో ఉన్న పత్తిని ఎడమ చేత్తో పట్టుకుని, ఒక్కో గింజ చుట్టూ ఉన్న పింజను ఆ పళ్లతో దువ్వుతుంది. చెత్త రాలిపోతుంది, పింజ తల దువ్విన జుట్టులా తిన్నగా లేస్తుంది. తర్వాత బల్ల మీద పెట్టి ఇనుప కడ్డీ దొర్లిస్తే గింజ బయటికి వచ్చేస్తుంది. ఆ దూదిని విల్లుతో ఏకి, ఏకులు చుట్టి, ఎండిన అరటి డొప్పలో జాగ్రత్త చేస్తారు. అప్పుడు రాట్నం దగ్గరికి వస్తుంది. మా రాట్నానికి 24 ఆకులు (చక్రం పుల్లలు), ఒకే కదురు.

మిల్లులో ఇదంతా తలకిందులు. పత్తి మా దగ్గరికి వచ్చేసరికే గింజ ఉండదు, బేళ్లుగా వస్తుంది. బ్లో రూములో ఇనుప బీటర్లు దాన్ని కొట్టి విడదీసి చెత్త దులుపుతాయి. ఆ దెబ్బలకు కొంత పింజ తెగుతుంది, కొంత చుట్టుకుపోయి గుండుసూది తల కన్నా చిన్న ముళ్లవుతుంది. వాటిని నెప్స్ అంటారు. రెండేళ్లు ల్యాబులో నేను చేసిన పనిలో సగం, ఒక గ్రాముకు ఎన్ని నెప్స్ ఉన్నాయో యంత్రంలో చూసి రిజిస్టరులో రాయడమే. కార్డింగు (సన్న తీగల పళ్లతో పింజను విడదీయడం) అయ్యాక, సన్న నూలు కావాలంటే కోంబర్ అనే యంత్రంలో దువ్వుతారు. అది పొట్టి పింజను విడదీసి పక్కకు తోసేస్తుంది. ఆ పక్కకు పోయేదే నాయిల్.

అంటే మిల్లు కూడా దువ్వుతుంది, అమ్మమ్మ కూడా దువ్వుతుంది. మిల్లు గింజ తీసి, కొట్టి, ఆ తర్వాత దువ్వుతుంది. అమ్మమ్మ గింజ మీద ఉండగానే దువ్వుతుంది. అప్పుడు ప్రతి పింజకూ ఒక కొస గింజకు అంటుకునే ఉంటుంది. పట్టు ఉన్న జుట్టును దువ్వడానికీ, ఊడి చిక్కుపడ్డ జుట్టును దువ్వడానికీ ఎంత తేడా!

పొట్టి పింజ పత్తితో సన్న నూలు రాదని పుస్తకాలు చెబుతాయి. ఈ చేతులు కొండపత్తి, పునాస పత్తి లాంటి దేశీ పత్తితో నూరో కౌంటు నూలు తీస్తున్నాయి. నూరో కౌంటు అంటే ఒక పౌండు బరువులో 840 గజాల చిలపలు (నూలు చుట్టలు) నూరు. 454 గ్రాముల నూలు 76 కిలోమీటర్ల దాకా సాగుతుందన్నమాట. గింజ మీదే దువ్వడం వల్ల పింజ తక్కువ తెగుతుందా? నెప్స్ తగ్గుతాయా? నూరో కౌంటు రావడంలో అమ్మమ్మ వేళ్ల వంతు ఎంత, ఆ దవడ పళ్ల వంతు ఎంత?

ఏటి తెలుసుకోవాలని అమ్మమ్మ అడిగినదానికి జవాబు ఇదే. రెండేళ్లు నెప్స్ లెక్కపెట్టాను, ఇరవై మూడేళ్లు ఈ దవడను చూశాను. రెండూ ఎప్పుడూ పక్కపక్కన పెట్టుకోలేదు. మధ్యాహ్నం అన్నం కూడా సరిగా తినలేకపోయాను.

సెప్టెంబరు 7, ఆదివారం

ప్రశ్న ఉంటే సరిపోదు, దాని మీద కొంచెమైనా పని చేసి ఉండాలి అనుకున్నాను. ఇంట్లో చేయగలిగిందే చేశాను. నల్ల చార్టు పేపరు, భూతద్దం, ఆన్‌లైన్‌లో కొన్న చిన్న తూనిక. అమ్మమ్మ దువ్విన దూది ఒక గ్రాము, బజారులో కొన్న మిల్లు దూది ఒక గ్రాము. నల్ల కాగితం మీద పల్చగా పరిచి ముళ్లు లెక్కపెట్టాను. అమ్మమ్మ దూదిలో చాలా తక్కువ. సంతోషం పట్టలేక ఆ రాత్రే మూడో డ్రాఫ్టు రాశాను. రెండోది చెప్పుకోదగ్గది కాదు.

సెప్టెంబరు 21

ఇంగ్లిషు వచ్చని చూపించే టోఫెల్ పరీక్షకు తేదీ తీసుకున్నాను. పని ముందుకు కదలలేదు.

అక్టోబరు 8, బుధవారం

నిన్న విజయనగరంలో పైడితల్లి అమ్మవారి సిరిమాను. కాలేజీలో నాకు సీనియరైన అక్క పండగకి ఇంటికి వచ్చింది. బయటి దేశంలో మెటీరియల్స్‌లో పీహెచ్‌డీ చేస్తోంది. ఇవాళ పొద్దున్నే రైలెక్కి వాళ్లింటికి వెళ్లాను. కోట దగ్గరి రోడ్లన్నీ ఇంకా నిన్నటి జనం వదిలిన చెత్తతోనే ఉన్నాయి.

అక్క మూడో డ్రాఫ్టు చదివి పెన్ను తీసింది. మొదటి మాటే, "నువ్వు పోల్చినవి రెండూ ఒకే పత్తి కాదు కదా" అంది. నిజమే. బజారు దూది ఏ రకమో నాకు తెలియదు, ఏ యంత్రాల్లో పడి వచ్చిందో తెలియదు. ముళ్లు తక్కువ ఉండటం దవడ వల్లనా, పత్తి రకం వల్లనా, కడ్డీతో గింజ తీయడం వల్లనా? చెప్పలేను. ల్యాబులో పనిచేసి కూడా ఇది తట్టలేదు. సిగ్గుతో ముఖం వేడెక్కింది.

తర్వాత గంటసేపు అక్క అడిగినవి ఇంకా పనికొచ్చాయి. మిల్లు ల్యాబులో రెండేళ్లు పనిచేశావు, దాని గురించి ఒక్కటే వాక్యం రాశావేంటి? ఏ యంత్రం మీద పనిచేశావు, ఏ తప్పు పట్టుకున్నావు, అది రాయవే అంది. నేను ఆలోచించి చెప్పాను: ఒకసారి నెప్స్ లెక్క ఉన్నట్టుండి పెరిగితే, కార్డింగు యంత్రం తీగలు అరిగాయని రిజిస్టరు పాత పేజీలు తిప్పి నేనే కనిపెట్టాను. దాన్ని మామూలు డ్యూటీ అనుకుని రాయలేదు. "అదే రాయాలి. చదివే ప్రొఫెసరుకు కావాల్సింది నువ్వు తన ల్యాబులో ఎలా పనిచేస్తావో తెలియడం" అంది.

ప్రొఫెసర్ల పేర్లు రాసే పేరా కూడా కొట్టేసింది. వెబ్‌సైటులో ఉన్న ఐదుగురి పేర్లూ వరసగా పెట్టాను. ఇద్దరు చాలు, వాళ్ల పేపర్లు చదివి నీ ప్రశ్న వాళ్ల పనికి ఎక్కడ తగులుతుందో రెండు వాక్యాలు రాయి, చదవకపోతే పేరు పెట్టకు అంది. తిరిగి వచ్చేటప్పుడు బ్యాగులో ఎర్ర గీతల కాగితాలు, వాళ్లమ్మగారు కట్టిచ్చిన పండగ అరిసెలు.

అక్టోబరు 19, ఆదివారం

ప్రయోగం మళ్లీ మొదలు. ఈసారి ఒకే బుట్టలోని పత్తి. సగం అమ్మమ్మ దవడతో దువ్వింది. మిగతా సగంలో చెత్త మాత్రం చేత్తో ఏరింది, దువ్వలేదు. గింజ తీసింది అదే కడ్డీతో, ఏకింది అదే విల్లుతో. ఏది ఏదో నాకు తెలియకుండా అమ్మ చీటీల మీద అంకెలు వేసి అంటించింది. నాకు రావాలనుకున్న జవాబు వైపు నా కన్ను మొగ్గకూడదు కదా.

అక్టోబరు 30, గురువారం

మొంథా తుపాను. మూడు రోజులుగా వాన, మధ్యమధ్యలో కరెంటు లేదు. మొన్న ఇంకో జత నమూనాలు చేద్దామంటే అమ్మమ్మ విల్లు ముట్టుకోలేదు. "ఈ తడిగాలికి దూది ఇచ్చుకోదే" అంది. నేను పట్టుబట్టి నేనే ఏకాను. నిజంగానే ముద్దలు ముద్దలుగా వచ్చింది.

అప్పుడు గుర్తొచ్చింది. మిల్లు ల్యాబులో పత్తి పరీక్షలన్నీ 65 శాతం తేమ ఉన్న గదిలోనే చేసేవాళ్లం. నమూనాలను ముందుగా ఆ గదిలో కొంతసేపు ఉంచి గానీ యంత్రంలో పెట్టేవాళ్లం కాదు. పత్తి గాలిలో తేమను పీల్చుకుంటుంది, దాంతో దాని బరువూ బలమూ మారతాయి. మేం రూలుగా పాటించింది అమ్మమ్మ చేతికే తెలుసు. తుపాను రోజు నమూనాలను లెక్కలో కలపలేదు, కానీ ఎందుకు కలపలేదో రాసి ఉంచాను. నాలుగో డ్రాఫ్టులో ఈ విషయానికి మూడు వాక్యాలు ఇచ్చాను. నాకు ఇష్టమైన వాక్యాలు అవి.

ఫలితం చెప్పాలి. కొన్ని జతల్లో దువ్విన దూదిలో ముళ్లు తక్కువ, కొన్నింట్లో తేడా లేదు. ఇంత కొద్ది నమూనాలతో ఏదీ తేల్చలేం. వ్యాసంలోనూ అదే రాశాను. పింజ పొడవు కొలవడానికి నా దగ్గర యంత్రం లేదు, అది లేకుండా తెగిందో లేదో చెప్పలేను, అందుకే మీ ల్యాబుకు రావాలనుకుంటున్నాను అని.

నవంబరు 9, ఆదివారం

సిఫార్సు లేఖలు మూడు కావాలి. బీటెక్ ప్రాజెక్టు గైడు సార్, ఇంకో లెక్చరరు సార్, మిల్లు ల్యాబు మేనేజరు గారు. లెక్చరరు సార్, "నువ్వే రాసి పంపమ్మా, నేను అప్‌లోడ్ చేస్తాను" అన్నారు. చాలామందికి ఇలాగే జరుగుతుంది. ఆయనకు మూడు వందల మంది విద్యార్థులు, తీరిక ఉండదు. అయినా నాకు మనసొప్పలేదు. ఆ లేఖను నేను చూడనని దరఖాస్తులో టిక్ పెట్టి, దాన్ని నేనే రాయడమేంటి? "సార్, మీకు గుర్తుండటానికి ఒక పేజీ పంపుతాను, లేఖ మాత్రం మీ మాటల్లో చిన్నదైనా ఫరవాలేదు" అని అడిగాను. ఆయన క్లాసులో నేను చేసిన ప్రాజెక్టు, వచ్చిన మార్కులు, ఒకసారి ఆయనతో వాదించిన లెక్క, అన్నీ ఆ పేజీలో పెట్టాను. ఆ లెక్క ఆయనకు గుర్తుందట. ఫోన్‌లో నవ్వి, సరే రాస్తానన్నారు.

మేనేజరు గారు అడిగిన మర్నాడే పంపేశారు.

నవంబరు 16, ఆదివారం

కార్నెల్ రెండు వ్యాసాలు వేరువేరుగా అడుగుతుంది. ఒకటి చదువు, పరిశోధన గురించి. రెండోది పర్సనల్ స్టేట్‌మెంట్, నేను ఎక్కడి నుంచి వచ్చానన్న దాని గురించి. ఈ విభజన చూశాక నాలుగు నెలల గందరగోళం తీరింది. ఇంతకాలం రెండింటినీ ఒకే కుండలో వండుతున్నాను.

నాన్న మగ్గం, బీటెక్ రెండో ఏడు ఫీజు కోసం అమ్మ తాకట్టు పెట్టిన గాజులు, ఊళ్లో రాట్నాలు తగ్గిపోవడం రెండోదానికి వెళ్లాయి. రాసేటప్పుడు ఒకటే నియమం పెట్టుకున్నాను: మా ఇంటి కష్టం చదివేవాళ్లకు జాలి పుట్టించే మాటల్లో ఉండకూడదు. అమ్మానాన్నలు పని తెలిసినవాళ్లు, వాళ్ల గురించి అలాగే రాయాలి. గాజుల వాక్యం ఉంచాలా వద్దా అని అమ్మనే అడిగాను. ఉంచమంది. "విడిపించుకున్నామని కూడా రాయి" అంది. రాశాను.

నవంబరు 23, ఆదివారం

ఆరో డ్రాఫ్టు 1,310 పదాలు. ఒక చోట రెండు పేజీలు మించకూడదు, మూడో చోట 500 పదాలే. కోత మొదలుపెట్టాను. చదివేవాళ్లు ఫైబర్ సైన్స్ వాళ్లే కాబట్టి కౌంటు అంటే ఏంటో చెప్పే వాక్యం తీసేశాను. దవడ గురించిన వాక్యాలు మాత్రం ఉంచాను, అది వాళ్లకు తెలిసే అవకాశం తక్కువ.

ఇంగ్లిషు తప్పులు మాత్రం కంప్యూటరుతో దిద్దించుకున్నాను. వాక్యాన్ని మార్చబోతే ఒప్పుకోలేదు. నిజానికి ఐదో డ్రాఫ్టు ముందు తెలుగులో రాశాను. ఏకు, కదురు, పింజ అన్న మాటలతో రాస్తే ఆలోచన తడబడకుండా నడిచింది, ఆ తర్వాత ఇంగ్లిషులోకి తెచ్చుకున్నాను. ఎస్‌ఓపీ రాసే తమ్ముళ్లకీ చెల్లెళ్లకీ నేను చెప్పగలిగే ఒకే సలహా ఇది. ఇంగ్లిషులో మొదలుపెడితే, అప్పటికే ఎవరో రాసి పెట్టిన వాక్యాలే ముందు వస్తాయి.

నవంబరు 29, శనివారం

రాత్రి భోజనాలయ్యాక మొత్తం వ్యాసం తెలుగులో చదివి ఇంట్లో వినిపించాను. నాన్న తలూపారు. అమ్మమ్మ ఒక చోట ఆపింది. వాలుగ దవడతో పత్తిని శుభ్రం చేస్తారని రాశాను. "సుబ్బరం చెయ్యడానికి చెయ్యి సాలదేటి? దవడ పింజని లేపడానికే" అంది.

నా ప్రశ్న మొత్తం ఆ మాట మీదే నిలబడి ఉంది. నేనే 'క్లీనింగ్' అని రాశాను. నా ప్రయోగంలో దువ్వని సగంలో ఆమె చెత్తను చేత్తోనే ఏరింది కదా, అప్పుడైనా నాకు తట్టాల్సింది. ఆ పేరా మొత్తం తిరగరాశాను. పింజను ఒక దిక్కుకు తేవడం ముందు, చెత్త రాలడం దాని వెంట జరిగేది. అలాగే ఒక వాక్యం చేర్చాను: ఈ వివరణ యాభై ఏళ్లకు పైగా నూలు వడుకుతున్న మా అమ్మమ్మది. ఇది ఏడో డ్రాఫ్టు.

డిసెంబరు 1, సోమవారం

మొదటి దరఖాస్తు వెళ్లింది. అక్కడి గడువు వాళ్ల రాత్రి పన్నెండు దాకా ఉంది, అయినా టెన్షన్ పడలేక పొద్దున్నే పంపేశాను. పంపే ముందు పీడీఎఫ్ తెరిచి యూనివర్సిటీ పేరు సరిగ్గా ఉందో లేదో మూడుసార్లు చూశాను. ఫీజు నాన్న కార్డు మీద వెళ్లలేదు, నా మిల్లు జీతం ఖాతా కార్డు మీద వెళ్లింది. మూడు లేఖలూ చేరినట్టు చూపిస్తోంది.

జవాబులు ఫిబ్రవరి, మార్చిలో వస్తాయి. డబ్బు సాయంతో సీటిస్తే ఒప్పుకునేదీ లేనిదీ చెప్పడానికి ఎక్కువ చోట్ల ఏప్రిల్ 15 వరకు సమయం ఇస్తారు.

తర్వాత పంపాల్సింది 500 పదాలే అడిగే మూడో చోటికి, గడువు డిసెంబరు 15. ఆ వ్యాసం ఈ రాత్రి 640 దగ్గర ఉంది. ప్రయోగం పేరా కదపను, మిల్లు పేరాలో 140 పదాలు తీయాలి. ఈలోగా ఎండ బాగా కాస్తోంది, గాలి పొడిగా ఉంది. తుపాను రోజు చెడిన జత నమూనాలు మళ్లీ చేద్దామని అమ్మమ్మను అడిగాను. రేపు పొద్దున్న పత్తి ఎండేస్తానంది.